సూర్యాస్తమయాల జీతం

అమెరికా నేషనల్ పార్కుల్లో పనిచేసేవాళ్లు చాలాకాలంగా చెప్పుకునే మాట ఒకటుంది. తమకు జీతం సూర్యోదయాల్లో, సూర్యాస్తమయాల్లో ముడుతుందట. ఏ ప్రభుత్వమూ ఇంత చవగ్గా కరెన్సీ అచ్చు వేయలేదు. కాగితం ఖర్చు లేదు, సిరా ఖర్చు లేదు, దొంగనోట్ల భయం లేదు, రోజూ ఠంచనుగా విడుదలవుతుంది. కిరాణా కొట్టులో చెల్లదన్నదొక్కటే లోపం.

ఈ కరెన్సీ బాగా చలామణి అయ్యే చోట్లలో మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్కు ఒకటి. అక్కడ వేసవి ముక్కీ మూలిగీ మూడు నెలలు. కొండల మీదుగా పోయే రోడ్డును మంచు తవ్వి పూర్తిగా తెరిచేసరికి ఏ జూన్ చివరో, జూలైయో అవుతుంది. మళ్లీ మంచు పడేలోగా ఎలుగుల్ని, కొండమేకల్ని, ఎలుకకీ కుందేలుకీ మధ్యరకంగా కనిపించే పికాల్ని లెక్కపెట్టేయాలి. ఆ పనికి డిగ్రీ చేతపట్టుకున్న కుర్రకారును తాత్కాలికంగా తీసుకుంటారు.

ఎంత తాత్కాలికం అంటే, అక్షరాలా 1,039 గంటలు. వారానికి 40 గంటల చొప్పున ఆరు నెలలకు 1,040 అవుతుంది. అంతకు లోపే ఆపేస్తే అదే మనిషిని ఏటేటా తాత్కాలికంగానే పెట్టుకుంటూ పోవచ్చన్నది కేంద్ర ప్రభుత్వ నిబంధన. ఆ ఒక్క గంట దగ్గర ఎందరి పర్మినెంటు ఉద్యోగాలు ఆగిపోయాయో! మన కాంట్రాక్టు లెక్చరర్లకు ఈ గణితం విడమరచి చెప్పక్కర్లేదు.

ఇంతకీ పనేమిటి? 2004లో ఆ ప్రాంతంలో కేట్ కెండాల్ అనే శాస్త్రవేత్త నాయకత్వంలో గ్రిజ్లీ ఎలుగుల లెక్క జరిగింది. చెట్ల చుట్టూ మోకాలెత్తున ముళ్లతీగ కట్టాలి. మధ్యలో పుల్లల కుప్ప మీద ఎర ద్రవం పోయాలి. కుళ్లిన చేపలతో, పశువుల నెత్తురుతో తయారయ్యే ఈ తీర్థాన్ని వీపు మీద మోసుకుంటూ కొండలెక్కాలి. ఎలుగు వాసనకు వచ్చి, తీగ దాటి, తినడానికేమీ లేదని తెలుసుకుని, నాలుగు వెంట్రుకలు తీగకు వదిలి వెళ్లిపోతుంది. వెంట్రుకల్ని పట్టకారుతో ఏరి కవర్లో వేస్తే ల్యాబులో డీఎన్ఏ చూసి ఏ ఎలుగు ఏదో తేలుస్తారు. ఎలుగుకు తిండి లేదు, కుర్రాడికి పర్మినెంటు లేదు. ఇద్దరికీ వాసన మాత్రం మిగిలింది.

2008లో అధ్యక్ష పదవికి పోటీచేసిన జాన్ మెకెయిన్ ఈ పనినే పట్టుకుని, ఎలుగుల డీఎన్ఏకి 30 లక్షల డాలర్లా అని ఎగతాళి చేశాడు. ఆ లెక్కలో తేలింది 765 ఎలుగులు. అంతవరకు ఆ ప్రాంతమంతటికీ నమ్మదగిన లెక్కే లేదు. మెకెయిన్ ఎన్నికల్లో ఓడిపోయాడు. ఎలుగులు ఏ పార్టీకి ఓటేశాయో డీఎన్ఏ పరీక్షలో తేలదు.

మా పక్కింటి పెద్దాయన మనవడు న్యూజెర్సీలో పుట్టాడు. ఈ వేసవిలో మోంటానా కొండమేకల పనిలో చేరాడు. పెద్దాయనకు అన్నం సయించడం లేదు. "ఏమండీ, వీసా కోసం ఇక్కడ జనం చిలుకూరు బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేస్తున్నారు. పుట్టుకతో సిటిజన్‌షిప్ ఉన్నవాడు పోయి మేకల చుట్టూ తిరగడమేమిటి?" అన్నాడు. ఓదారుద్దామని నాకు తెలిసిన సంగతొకటి చెప్పాను: కొండమేకలు ఎటు పారిపోతాయో చూడటానికి ఒక పరిశోధకుడు గ్రిజ్లీ వేషం కట్టుకుని వాటి మీదికి నడిచాడని, 2020లో ఆ పరిశోధన అచ్చయిందని. పెద్దాయన కాసేపు ఆలోచించి, "పగటివేషగాళ్లు మా ఊరికీ వచ్చేవారు. వాళ్లు కనీసం బియ్యం కట్టించుకుని పోయేవారు" అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఇప్పుడు ఈ కుర్రకారు సెలవు రోజుల దగ్గరికి వద్దాం. ఇలాంటి పనుల్లో చాలాచోట్ల పది రోజులు వరసగా పని, నాలుగు రోజులు సెలవు. పది రోజులు కొండల్లో తిరిగినవాడు నాలుగు రోజులు ఏం చేయాలి? బట్టలు ఉతుక్కోవాలి, వేడి అన్నం తినాలి, నిద్రపోవాలి. వీళ్లు మాత్రం తెల్లవారుజామునే లేచి మళ్లీ కొండెక్కుతారు. ఆ ఎక్కడంలో ఒక న్యాయం ఉందని ఒప్పుకోవాలి. పని రోజున మేక ఎక్కడుంటే మనిషీ అక్కడే ఆగాలి. శిఖరం రెండు వందల అడుగుల పైన కనిపిస్తూనే ఉంటుంది, డ్యూటీ చార్టులో మాత్రం ఉండదు. ఆ బాకీ సెలవు రోజున తీర్చుకుంటారు. పార్కులో పదివేల అడుగులు దాటిన శిఖరాలు ఆరు. అందులో మౌంట్ సియే ఎత్తు 10,014. చివరి 14 అడుగుల పుణ్యాన జాబితాలోకెక్కిన ఆ కొండకు అభిమానులు తక్కువేం కాదు. అక్కడి రాయి పట్టుకుంటే చేతికి ఊడివస్తుంది. నడుముకు ఎలుగుల్ని తరిమే స్ప్రే డబ్బా ఉండాలి. అందులో ఘాటంతా మిరపకాయలోని క్యాప్సైసినే. గుంటూరు వాళ్లు గర్వపడవచ్చు. కాకపోతే ఆ డబ్బాను విమానమెక్కనివ్వరు.

అసలు తమాషా కొండ మీద ఉంది. గ్లేసియర్‌లో పౌర విజ్ఞానం పేరుతో ఒక కార్యక్రమం నడుస్తోంది. వాలంటీర్లు కొండలెక్కి మేకల్ని, పికాల్ని లెక్కపెట్టి కాగితం నింపి ఇస్తారు. పైసా ఇవ్వరు. అంటే సోమవారం లెక్కపెడితే ఉద్యోగం, ఆదివారం లెక్కపెడితే పౌరధర్మం. మేక అదే, కొండ అదే, బైనాక్యులరూ అదే. బడ్జెట్ రాసేవాడికి ఇంతకన్నా ముచ్చటైన దృశ్యం ఏ శిఖరం మీద దొరుకుతుంది?

సెలవు రోజున కొండెక్కే ఈ సంప్రదాయానికి గురుస్థానీయుడు జె. గోర్డన్ ఎడ్వర్డ్స్. శాన్ హోజేలో కీటకశాస్త్రం పాఠాలు చెప్పేవాడు, వేసవుల్లో గ్లేసియర్‌లో రేంజరుగా పనిచేసేవాడు. ఖాళీ దొరికితే కొండ. 1961లో ఆ కొండలకు దారులు చెప్పే పుస్తకం తెచ్చాడు. ఇదే మహానుభావుడు డీడీటీ నిరపాయమని నిరూపించడానికి ఉపన్యాసాల్లో చెంచాడు డీడీటీ తిని చూపించేవాడు. గద్దల గుడ్ల పెంకులు పలచబడుతున్నాయన్న మాటకు చెంచా జవాబు కాదు, అది వేరే సంగతి. 2004 జూలైలో, 84 ఏళ్ల వయసులో, పార్కు అంచున ఒక కొండ మీద గుండె ఆగి పోయాడు. డీడీటీ అరిగింది, కొండ అరగలేదు.

మన దగ్గర ఇలాంటి పిచ్చి లేదనుకోకండి, మనుషులు మారారంతే. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయలోకి దిగడం హైదరాబాద్ కుర్రాళ్లకు ట్రెక్కింగు. అక్కడి పూజారులు చెంచులు. నల్లమల అటవీశాఖ బేస్‌క్యాంపుల్లో కాపలా కాసి, వేసవి మంటలార్పేవాళ్లలోనూ చెంచులున్నారు. వాళ్ల సెలవు రోజు ఫొటోలు ఎవరూ పెట్టరు.

2025లో అమెరికా ప్రభుత్వానికి పొదుపు గుర్తొచ్చింది. జనవరిలో నియామకాలు ఆపి, ఇచ్చిన వేసవి ఉద్యోగాల ఆఫర్లు వెనక్కి తీసుకున్నారు. ఫిబ్రవరిలో పార్కుల నుంచి సుమారు వెయ్యి మంది కొత్త ఉద్యోగుల్ని ఇంటికి పంపారు. గోల కాగానే 7,700 మందిని వేసవికి తీసుకోవచ్చని మాట మార్చారు. సూర్యాస్తమయాలకు మాత్రం ఎక్కడా కోత పెట్టలేదు.

మీ ఇంట్లోనూ ఇటువంటి మనవడుంటే తెలుసుకోండి: వచ్చే వేసవి ఉద్యోగాలకు దరఖాస్తులు చలికాలంలోనే మొదలవుతాయి, సర్కారు ఉద్యోగమైతే అమెరికా పౌరసత్వం కావాలి. నెలనెలా ఇంటి నుంచి కొంత డబ్బు పంపాల్సి రావచ్చన్నది మాత్రం ప్రకటనలో రాయరు.