కాలు మీద కాలేసుకుని కలప కుబేరులు కావడం ఎలా?

గద్వాల సీడ్ పత్తిలో పొద్దు పొడవకముందే క్రాసింగ్. వనపర్తి వేరుశనగలో కలుపు. కొల్లాపూర్ మామిడిలో పురుగు. ఎన్నాళ్లీ తిప్పలు? చెట్లు నాటితే కూలీల వెంట తిరిగే పని లేదు, రోజూ చేను మొహం చూడాల్సిన పని అసలే లేదు. లోకానికి కర్ర కావాలి, మీకు తీరిక కావాలి. కింది చిట్కాలు వరసగా పాటించండి. ఒక్కటి వదిలినా లాభం వచ్చే ప్రమాదం ఉంది.

1. ఒక్క అంకె బట్టీ పట్టండి. కోత కలప, ప్లైవుడ్, గుజ్జు లాంటి వాటి వాడకం 2050 నాటికి ప్రపంచంలో 37 శాతం పెరగొచ్చని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2022లో అంచనా వేసింది. మీకు ఆ 37 చాలు, మిగతా పేజీలు తిప్పకండి. ‘పెరగొచ్చు’ అన్నచోట ‘పెరిగి తీరుతుంది’ అనీ, ‘ప్రపంచంలో’ అన్నచోట ‘పెబ్బేరులో’ అనీ చదువుకోండి. అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 1905లో కలప కరువు ముంచుకొస్తోందని హెచ్చరించాడనీ, ఆ కరువు రానే లేదనీ ఎవరైనా గుర్తు చేస్తారు. కర్ర ప్రియమయ్యేసరికి జనం ఉక్కు, సిమెంటు వైపు మళ్లారట, పట్టాల కింది దుంగలకు మందు పట్టించి ఎక్కువ ఏళ్లు వాడారట. అది అమెరికా. మన సంగతి వేరు అనండి. ఎందుకు వేరో చెప్పకండి.

2. కర్రలో రకాలు వెతకకండి. పత్రికలు అచ్చేసే కాగితానికి గిరాకీ పడిపోతోంది, అట్టపెట్టెలకు పెరుగుతోంది. మన దేశంలో తయారయ్యే కాగితంలో పెద్ద వాటా చిత్తు కాగితం నుంచే వస్తోంది. బ్రెజిల్ వాళ్లు ఏడేళ్ల నీలగిరి తోటలు కొట్టి, గుజ్జు చేసి ఓడలకెక్కిస్తున్నారు. ఈ సంగతులు మీకెందుకు? గుజ్జు కర్రకీ, ప్లైవుడ్ దుంగకీ, పొయ్యి కట్టెకీ తేడా అడిగేవాణ్ని ‘బాగా చదువుకున్నోడు’ అని పొగిడి సాగనంపండి.

3. మిల్లు ఎంత దూరమో చూడకండి. తెలంగాణలో కర్ర కొనే పెద్ద కాగితపు మిల్లులు సారపాకలో ఒకటి, కాగజ్‌నగర్‌లో ఒకటి. గద్వాల నుంచి ఏది చూసినా నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. మిల్లు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తక్కువ కిరాయికి తోలేస్తారు. మీ కర్ర మాత్రం రాష్ట్రమంతా చూసి వస్తుంది. కిరాయి లెక్క ముందే వేస్తే నాటే ఉత్సాహం పోతుంది. అందుకే ఆ లెక్క లారీ వచ్చి గేటు ముందు ఆగాక వేసుకోండి.

4. ఒక్క గుమ్మాన్నే నమ్ముకోండి. కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ మిల్లు నిజాం కాలంలో 1938లో మొదలైంది. 2014లో ఆగిపోయింది. 2018లో జేకే పేపర్ చేతిలోకి వెళ్లి మళ్లీ తిరిగింది. రేయాన్ గుజ్జు చేసే కమలాపురం మిల్లు కూడా 2014లోనే ఆగింది. అయితే ఏమైంది? చెట్టు ఎక్కడికీ పోదు, నిలబడే ఉంటుంది. వడ్డీ కూడా ఎక్కడికీ పోదు. నిలబడ్డచోటే పెరుగుతుంది, చెట్టు కంటే వేగంగా. ప్రకాశం, కృష్ణా జిల్లాల్లో సుబాబుల్ రైతులు ధర కోసం ఏళ్ల తరబడి రోడ్డెక్కారు. వాళ్లకు ఓపిక లేదంతే.

5. దళారీ దగ్గర రాత పెట్టుకోకండి. ‘కాయితం ఎందుకన్నా, నోటిమాట మీద ఉంట’ అంటాడు. ఉండనివ్వండి. కాగితం కోసమే కర్ర పెంచుతున్నారు, మధ్యలో ఇంకో కాగితం అడగడం దుబారా.

6. మొక్కలు చవకగా, చిక్కగా నాటండి. భద్రాచలం క్లోన్లని కొమ్మ ముక్కల నుంచి పెంచిన నీలగిరి మొక్కలున్నాయి. గింజ మొక్కల కంటే దిగుబడి బాగా ఎక్కువ. వాటికి డబ్బు పెట్టాలి కాబట్టి రోడ్డు పక్కన ఏరిన గింజలు చల్లి నారు పోయండి. మూడు మీటర్లకు రెండు మీటర్ల ఎడం పెడితే ఎకరానికి సుమారు 670 మొక్కలు పడతాయి. మీరు 2,000 కుక్కండి. నాలుగేళ్ల తర్వాత కూడా పందిరి గుంజలంత ఉంటాయి. మిల్లు వాడు లావు చూసి మొహం తిప్పుకుంటాడు. ఇరుకు నాటుతో ఇంకో లాభం: మొదటి రెండేళ్లు సాళ్ల మధ్య వేరుశనగ వేసుకునే చోటు మిగలదు. ఆ పనీ తప్పింది.

7. గట్టు మీద గట్టిగా నాటండి. తెలంగాణలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో గద్వాల ఒకటి. అలాంటిచోట నీలగిరి వేరు ఎవరి నీళ్లు తాగాలి? పక్కవాడివి. సరిహద్దు గట్టు మీద వరసగా వేస్తే వేళ్లలో సగం అతని చేలో మేస్తాయి, నీడ కూడా అటే పడేలా చూసుకోండి. ఆయన వచ్చి ‘ఏం పటేలా, నా కంది గిడసబారింది’ అంటే, ‘ఈసారి వానలే సరిగ్గా లేవు కద’ అనండి. కర్ణాటక 2017లో కొత్త నీలగిరి తోటలు వద్దని ఆపేసింది. ఆ ముచ్చట ఆయన చెవిన పడకుండా జాగ్రత్త.

8. ముందు కొట్టండి, తర్వాత లారీ మాట్లాడండి. ఇందులో అసలు మెలకువ ఉంది, నిదానంగా చదవండి. అప్పుడే కొట్టిన నీలగిరి బరువులో దాదాపు సగం నీళ్లే. మిల్లు డబ్బిచ్చేది టన్నుకు. అంటే చేలో కర్ర పడి ఉన్న ప్రతి రోజూ కాటా మీద మీ డబ్బు ఆవిరవుతుంది. ఇక బెరడు. కొట్టిన రోజే అయితే చేత్తో లాగినా పట్టీలుగా ఊడొస్తుంది. నాలుగు రోజులు ఎండితే కర్రను కరుచుకుంటుంది, గొడ్డలితో చెక్కాలి, కూలీ రెట్టింపు. కాబట్టి తోట మొత్తం మే నెలలో ఒకేసారి కొట్టించండి. ఆ తర్వాత తీరిగ్గా దళారీకి ఫోన్ చేయండి. ‘అన్నా, మిల్లు కాడ లైనున్నది, పది రోజులు ఆగు’ అంటాడు. ఆగండి. పదకొండో రోజు చేస్తే ఫోన్ ఎత్తడు. ఇంకో పది రోజులు ఆగండి. ఈలోపు దుంగల చివర్లు చీలతాయి, గొర్లకాపరి పొయ్యిలోకి నాలుగు పోతాయి. చివరికి ఎవరో వచ్చి చెప్పిన ధరకు ‘సరే’ అనండి. బేరం ఆడటం కూడా పనే కదా.

9. మోళ్లను పట్టించుకోకండి. కొట్టిన మోడు నుంచి పిలకలు గుంపుగా లేస్తాయి. బలమైనవి ఒకటో రెండో ఉంచి మిగతావి తీసేయాలని తెలిసినవాళ్లు చెబుతారు. మీరు అన్నీ ఉంచండి, చూడ్డానికి పచ్చగా ఉంటుంది. రెండు మూడు కోతల తర్వాత దిగుబడి పడిపోతే జేసీబీ పెట్టి మోళ్లు పెకిలించాలి. ఆ ఖర్చు ఇప్పుడే తలచుకోవద్దు. అప్పటికి చేను కొడుకు పేరు మీద ఉంటుంది.

10. కోటి కావాలంటే శ్రీగంధం. ఇది పక్క చెట్ల వేళ్ల నుంచి ఆహారం లాక్కుని బతికే చెట్టు. మొదట్లో కంది, తర్వాత సరుగుడు లాంటి తోడు ఉండాలి. మీరు ఒంటరిగా నాటండి, స్వశక్తి నేర్చుకుంటుంది. వాసన ఉండేది చేవలోనే, అది కట్టడానికి పన్నెండు, పదిహేనేళ్లు పడుతుంది. కంచె వేయకండి, కావలి పెట్టకండి. చేవ కట్టిందో లేదో ఒక రాత్రి దొంగలే వచ్చి చూసి చెబుతారు, ఫీజు కూడా తీసుకోరు. మిగిలిన చెట్లు కొట్టాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి, తోలాలంటే ఇంకో అనుమతి. నాటినప్పుడు రికార్డుల్లో ఎక్కించకుండా ఉంటే ఈ రెండూ దొరకవు. గొడవ లేదు.

11. వెదురు చేలో పెంచకండి, అడవికి పొండి. 2017లో చట్టం మార్చి, అడవి బయట పెంచే వెదురును చెట్ల జాబితాలోంచి తీసేశారు. మీ చేలో పెంచితే హాయిగా కొట్టి అమ్ముకోవచ్చు. అందులో మజా ఏముంది? నాగర్‌కర్నూల్ జిల్లాలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉండగా! మిల్లులు కర్ర కోసం అడవి మీద పడకుండా రైతులతో పెంచించుకోవాలని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది మిల్లులకు, మీకు కాదు అని వాదించండి. లారీ పట్టుబడితే కేసు తేలేదాకా ఆఫీసు ఆవరణలో భద్రంగా ఉంటుంది. టైర్ల గురించి హామీ లేదు.

12. చేతిలో ఉన్న నారకు అగ్గి పెట్టండి. గద్వాల నడిగడ్డలో ఏటా పత్తి ఏరాక చేల నిండా కట్టె మిగులుతుంది. దాన్ని ముక్కలు చేసి పలకలు, ఇంధన ఇటుకలు చేయొచ్చని ముంబైలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ ఎప్పుడో చేసి చూపించింది. నలుగురు కలిసి పోగుచేస్తే కొనేవాడొస్తాడు. కానీ నలుగురు కలవడం మన ఇంటావంటా లేదు. అగ్గిపుల్ల గీసి గట్టు మీద కూర్చోండి. పొగలో కూర్చుని ‘ప్రపంచానికి నార చాలట్లేదట’ అని బాధపడండి.

13. సాకులు ముందే సిద్ధం చేసుకోండి. ఇంటావిడ అడిగితే: ‘చెట్టు పుణ్యం, డబ్బుతో కొలవకు.’ బ్యాంకు మేనేజరు అడిగితే: ‘సార్, 2050 దాకా ఆగండి.’ అన్నదమ్ములు అడిగితే: ‘నాటమన్నది నువ్వే.’ మొక్కలమ్మినవాడికి మాత్రం ఏ సాకూ అక్కర్లేదు, వాడి ఫోన్ అప్పటికే పనిచేయదు.

14. ఆఖరికి ప్లాట్లు చేసి అమ్మండి. టేకు పెట్టుబడి పేరుతో చెన్నైలో అనుభవ్ ప్లాంటేషన్స్ జనం డబ్బు పోగేసి 1998లో కూలింది. ఆ మరుసటి ఏడే సెబీ ఇలాంటి పథకాలకు నిబంధనలు పెట్టింది. పట్నం జనానికి అవేవీ గుర్తుండవు. నలభై నాలుగో నంబరు హైవే పక్కన కమాను కట్టండి, గుంటకు నాలుగు గంధం మొక్కలు గుచ్చండి, ‘పదిహేనేళ్లలో కోటి’ అని బోర్డు రాయించండి. మొక్కలకు నీళ్లు పెట్టే ఖర్చు మిగిల్చి, దాంతో మందపాటి నిగనిగల కాగితం మీద బ్రోచర్లు వేయించండి, వేలల్లో పంచండి. ఆ కాగితంలో పాలమూరు కర్ర పుల్లెడు కూడా ఉండదు. అయినా ప్రపంచ గిరాకీ పెంచడంలో మీ వంతు మీరు చేసినట్టే.