పక్కన కూర్చునే మనిషేడీ?

మా రోజుల్లో లెక్కలు నోటిమీద ఉండేవి. పొద్దున్నే అరుగు మీద కూర్చుని ఎక్కాలు అప్పజెప్పితేగానీ మా నాయనమ్మ చద్దన్నం పెట్టేది కాదు. ఇరవయ్యో ఎక్కంతో అయిపోయేదా? పావు, అర, ముప్పాతిక ఎక్కాలు కూడా చెప్పాలి. ఆవిడ బడి గడప తొక్కలేదు. అయినా రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని ధాన్యం కొలిచి మరీ చూపించేది. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చాయి. పదహారణాలకు వంద పైసలైతే నాలుగణాలకు సరిగ్గా ఇరవై అయిదు. బాగానే ఉంది. మరి ఒక్క అణాకో? ఆరుంబావు! ఆ పావు పైసా ఎవరి దగ్గరుంది? కొట్టు దగ్గర పెద్దవాళ్లు పేచీ పడుతుంటే పక్కన నిలబడి మేం భిన్నాలు నేర్చుకున్నాం.

ఇప్పుడు మా మనవడు ఏడో తరగతి. చేతిలో టాబ్లెట్, అందులో లెక్కల యాప్. మొన్న 48ని 25తో గుణించమని అడిగింది. కింద నాలుగు జవాబులు, పైన పరుగులు పెట్టే గడియారం. వాడు ఒకటి నొక్కాడు, ఎర్రగా వెలిగింది. ఇంకోటి నొక్కాడు, పచ్చగా వెలిగి నక్షత్రాలు రాలాయి. వాడికి సంతోషం, వాళ్లమ్మకు సంతోషం. నాకు మాత్రం కడుపు మండింది. ఇరవై అయిదంటే వందలో పావు. నలభై ఎనిమిది పావులు పన్నెండు. కనుక పన్నెండు వందలు. పావు ఎక్కం వచ్చిన పిల్లవాడికి ఇది నోటిలెక్క. వీడికి నక్షత్రాలొచ్చాయి, లెక్క రాలేదు. పిల్లవాణ్ణి ఆలోచించనివ్వని గడియారాన్ని లెక్కల్లోకి తెచ్చినవాళ్లను నేను క్షమించలేను.

అలాగని మా బడి గొప్పదని నేననను. ఎక్కం తప్పితే బెత్తం, గోడకుర్చీ. ఆ భయానికి లెక్కలే వదిలేసినవాళ్లు నా తోటివాళ్లలో ఎందరో. రేఖాగణితమైతే ఉత్త బట్టీ. పుస్తకంలో త్రిభుజం ఏబీసీ అని ఉండి పరీక్షలో పీక్యూఆర్ అని ఇస్తే సగం క్లాసు చేతులెత్తేసేది.

అందుకే తెర మీద బొమ్మలు గీసి కదిలించే జియోజీబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్ చూసినప్పుడు నా కళ్లు చెమర్చాయి. మార్కస్ హోహెన్‌వార్టర్ అనే ఆస్ట్రియా ఆయన 2001లో సాల్జ్‌బర్గ్‌లో చదువుకుంటూ మొదలుపెట్టిన పని అది. పిల్లలకు పైసా ఖర్చు లేదు. ఒక త్రిభుజం గీసి, దాని శీర్షాన్ని భూమికి సమాంతరంగా ఉన్న రేఖ మీద పట్టుకుని ఎటైనా లాగండి. త్రిభుజం సాగుతుంది, వాలుతుంది, పుల్లలా సన్నబడుతుంది. వైశాల్యం మాత్రం అంగుళం కదలదు. ఒకే భూమి మీద, ఒకే జత సమాంతర రేఖల మధ్య ఉన్న త్రిభుజాల వైశాల్యాలు సమానమని మేం పాఠం పాఠమంతా వల్లెవేశాం గానీ, అలా కదిలే త్రిభుజాన్ని మాకెవరూ చూపించలేదు.

మరి ఈ పిల్లలు ఏం చేస్తున్నారు? నాలుగుసార్లు అటూ ఇటూ లాగి, బాగుందని ఇంకో యాప్‌లోకి పోతున్నారు. లాగకముందే ‘ఆగరా, వైశాల్యం పెరుగుతుందా, తగ్గుతుందా? ముందు చెప్పు’ అని అడిగే మనిషి కావాలి. తప్పు చెబితే ‘ఎందుకలా అనుకున్నావు?’ అని ఓపిగ్గా వినే మనిషి కావాలి. సరుకుకేం కొదవ? మన పాఠ్యపుస్తకాల్లోనే క్యూఆర్ కోడ్‌లున్నాయి, ఫోను చూపిస్తే దీక్షా అనే ప్రభుత్వ యాప్‌లో పాఠం వస్తుంది. లేనిదల్లా మనిషే. పిల్లల చేతికి ఫోనిచ్చి తల్లిదండ్రులు తమ ఫోన్లలో మునిగిపోతున్నారు.

ఇంటర్నెట్‌లో ఉచితంగా వీడియో పాఠాలు చెప్పే ఖాన్ అకాడమీ కూడా అలాంటి మనిషి వల్లే ఎలా పుట్టిందో చాలామందికి తెలియదు. 2004లో బోస్టన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న సల్మాన్ ఖాన్, దూరాన న్యూ ఆర్లియన్స్‌లో ఉన్న బంధువుల అమ్మాయి నాదియాకు ఫోన్లో లెక్కలు చెప్పడం మొదలుపెట్టాడు. ఆ పిల్లకు కొరుకుడుపడనిది కొలతల మార్పిడి. మా నాయనమ్మ సోలా తవ్వా పెట్టి చూపించిన లెక్కే! తర్వాత ఇంకొందరు బంధువుల పిల్లలు చేరారు. 2006లో వీడియోలు యూట్యూబ్‌లో పెట్టాడు, 2008లో సంస్థ వెలిసింది. ఇప్పుడు అందరూ వీడియోలే చూస్తున్నారు. ఉద్యోగం చేసుకుంటూనే ఒక పిల్ల కోసం తీరిక చేసుకున్న మనిషిని మరిచిపోయారు.

నేను ఊరుకోలేదు. మనవడి టాబ్లెట్ పక్కన పెట్టించి, కాగితం మీద 12345679ని 9తో గుణించమన్నాను. ఎనిమిది లేదు, చూసుకోమన్నాను. విసుక్కుంటూనే చేశాడు. తొమ్మిది ఒకట్లు వరసగా వచ్చేసరికి ‘తాతయ్యా, ఇదేంటి!’ అన్నాడు. 18తో చేయమంటే తొమ్మిది రెండ్లు. మరి అన్నీ ఏడులు రావాలంటే? కాసేపు పెన్సిలు కొరికి 63 అన్నాడు. ఆ కాసేపట్లో నేను నోరు మెదపలేదు. ఏ యాప్ అయినా ఆపాటికి సూచన ఇచ్చేసేది. జవాబు సరైనదో కాదో అప్పుడు టాబ్లెట్‌లో చూసుకోమన్నాను. దాని చోటు అదీ. ఇలాంటి చిత్రమైన గుణకారాలు తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడి గణిత సార సంగ్రహంలో ఉన్నాయి. ఆ గ్రంథాన్ని తెలుగు చేసినవాడు మన పావులూరి మల్లన. సంగతి చెబితే వాడు నోరెళ్లబెట్టి విన్నాడు.

అమ్మలారా, నాన్నలారా, వేలకు వేలు పోసి యాప్‌లు కొనకండి. ఉచితంగా దొరికేవాటిలో మంచివి ఒకటి రెండు చాలు. ఫోనిచ్చే ముందు కాగితం, పెన్సిలు ఇవ్వండి. రోజూ ఒక అరగంట మీ ఫోను అవతల పారేసి పిల్లల పక్కన కూర్చోండి. మీకు లెక్కలు రాకపోయినా ఫరవాలేదు, ‘ఇది ఎలా వచ్చిందో నాకు చెప్పవే’ అని అడగండి చాలు.