గేరుబాక్సు పేరంటం (ఒక ఆటవెలదికి టీకా, తాత్పర్యం)

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరి తెలుగు నేల మనిషే. మెదక్ దగ్గరి కొల్చారం ఆయన ఊరని చెబుతారు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే ఒట్టు పెట్టుకున్నాడు. విజయవాడ ఆటోనగర్ షెడ్లలో పాత జీపులు విప్పే మేస్త్రీలకు అలాంటి ఒట్టేమీ లేదు. మూలంలో లేనిది వేస్తారు, అక్కర్లేనిది విప్పుతారు. కాబట్టి ఈ కింది వ్యాఖ్య పద్యం మీద ఎంతో, ఆ మేస్త్రీల వ్యాఖ్యల మీదా అంతే. పద్యం వ్యాఖ్యాత సొంతం. తానే రాసి తానే మెచ్చుకోవడంలో ఉన్న సౌకర్యం మల్లినాథుడికి దక్కలేదు పాపం.

జీపు కొన్నవాడు చేత పానా పట్టి
కింద దూరి చూడ గేరుబాక్సు
ఆయిలొక్క చుక్క యాతని నొసటను
బొట్టు పెట్టి పిలుచు పూట పూట

ప్రతిపదార్థం: జీపు = ఆర్‌సీ పుస్తకంలో జీపు అని రాసి ఉన్న వస్తువును; కొన్నవాడు = డబ్బిచ్చినవాడు, ఇంకా ఇస్తూనే ఉన్నవాడు; చేత = చేతిలో; పానా పట్టి = పానా పట్టుకొని (మేస్త్రీ భోజనానికి వెళ్లాడని ధ్వని); కింద దూరి = బండి కిందికి వెల్లకిలా జరిగి; చూడ = చూడగా; గేరుబాక్సు = గేర్లు ఉండునదియు ఆయిలు ఉండనిదియు అగు పెట్టె; ఆయిలొక్క చుక్క = తొంభై నంబరు గేరు ఆయిలు, గంధకం కంపు గలది, ఒక చుక్కను; ఆతని నొసటను = ఆ కొన్నవాని నుదుట; బొట్టు పెట్టి = బొట్టుగా ఉంచి; పిలుచు = రమ్మనును; పూట పూట = ఉదయము, సాయంత్రము కూడా.

తాత్పర్యం: పాత జీపు కొన్న మనిషి పానా పట్టుకొని కిందికి దూరితే, గేరుబాక్సు పైనుంచి ఆయిలు చుక్కతో నుదుట బొట్టుపెట్టి, మళ్లీ రమ్మని పూటపూటా పిలుస్తుందని భావం. పరీక్షకు చదివేవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. బండి ఉన్నవాళ్లు ఆపకూడదు. ఆపితే మళ్లీ స్టార్టవుతుందన్న భరోసా లేదు.

విశేషాలు. మొదటి మాట దగ్గరే చిక్కు. పాత కావ్యాలకు ఉన్నట్టే జీపుకూ కర్తృత్వ వివాదం ఉంది. 1940లో అమెరికా సైన్యం నాలుగు చక్రాలకూ బలం అందే చిన్న బండి కావాలని అడిగితే మొదటి నమూనా తయారుచేసి ఇచ్చింది అమెరికన్ బాంటమ్ అనే చిన్న కంపెనీ. గీతలు గీసినవాడు కార్ల్ ప్రోబ్‌స్ట్. పేరు విల్లీస్‌కు పోయింది, పెద్ద ఆర్డర్లలో వాటా ఫోర్డుకు పోయింది. యుద్ధం ముగిసేసరికి ఆ రెండు కంపెనీలూ కలిసి 6 లక్షలకు పైగా జీపులు దించాయి. బాంటమ్ చేతికి మిగిలింది జీపు వెనక తగిలించే ట్రైలర్ల పని.

మహీంద్రా వాళ్లు 1947లో విల్లీస్ జీపుల్ని మన దేశానికి పట్టుకొచ్చారు. 1953లో విల్లీస్ తన సీజే-3బీ మోడల్లో హరికేన్ అనే పెట్రోలు ఇంజన్ పెట్టింది. ఆ ఇంజన్ పాతదానికన్నా పొడుగు, అందుకని బానెట్ లేపాల్సి వచ్చింది. మన సినిమాల్లో ఇన్‌స్పెక్టర్ దిగిన జీపు, ఎన్నికల్లో మైకు కట్టిన జీపు, ఏజెన్సీ సంతలకు మనుషుల్నీ మేకల్నీ కలిపి మోసిన జీపు అన్నిటికీ ఆ ఎత్తు బానెట్టే, ఆ ఏడు చీలికల జాలీయే. అమెరికాలో ఆ మోడల్ 1968లో ఆగిపోయింది. ఇక్కడ ఆ మొహం దశాబ్దాల పాటు ఫ్యాక్టరీ నుంచి వస్తూనే ఉంది. తీరా 2018లో మహీంద్రా రాక్సర్ పేరుతో అలాంటి బండినే అమెరికాలో అమ్మబోతే, జీపు హక్కులున్న ఫియట్ క్రైస్లర్ వాళ్లు అక్కడి అంతర్జాతీయ వాణిజ్య కమిషన్‌కు ఎక్కారు. పోలిక నిజమేనని 2020లో తీర్పొచ్చింది. మహీంద్రా ముందు భాగం మార్చి గండం గట్టెక్కింది.

కర్త సంగతి తేలినా తేలకపోయినా, కొన్నవాడికి అసలు బాధ ప్రక్షిప్తాలతో. పాత పెట్రోలు జీపు ఒకటి చేతులు మారుతూ వచ్చిందనుకోండి. పెట్రోలు ఖర్చు భరించలేక ఒక యజమాని డీజిల్ ఇంజన్ పెట్టిస్తాడు. ఇందులో తప్పు పట్టడానికి లేదు. మహీంద్రా కూడా తర్వాతి మోడళ్లలో 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజన్‌కే మారింది. కాకపోతే ఫ్యాక్టరీ వాడు ఇంజన్‌తో పాటు దాని చుట్టూ ఉన్నవాటినీ మార్చాడు. షెడ్డులో మేస్త్రీ ఇంజన్ ఒక్కటే మారుస్తాడు. సీజే-3బీ ఇరుసులో ప్రొపెల్లర్ షాఫ్టు 5.38 సార్లు తిరిగితే గాని చక్రం ఒక్క చుట్టు తిరగదు. వేగానికి కాదు, లాగుడు బలానికి లెక్కగట్టిన నిష్పత్తి అది. జోరుగా తిరగలేని డీజిల్ ఇంజన్‌ను దాని ముందు కూర్చోబెడితే, హైవే మీద ఇంజన్ గొంతు చించుకుంటుంది, ఆటోలు దాటి వెళ్లిపోతుంటాయి. సరే కదా అని తర్వాతి యజమాని పెద్ద టైర్లు వేయిస్తాడు. వేగం కాస్త పెరుగుతుంది. ఆ టైర్ల బరువుకు ముందు చక్రాలు పక్కకు తిరగడానికి ఆధారమైన కింగ్‌పిన్ బేరింగులు అరిగి, గుంటలో పడి లేచిన ప్రతిసారీ స్టీరింగ్ చేతుల్లో గిలగిల్లాడుతుంది. మూడో యజమాని కింగ్‌పిన్ కింద ఉండే షిమ్ములనే పలచని రేకులు తీయించి బిగువు చేయిస్తాడు. ఇప్పుడు స్టీరింగ్ ఊగదు. తిరగదు కూడా.

జీపు పాతబడి చెడిపోతుందని లోకం అనుకుంటుంది. వ్యాఖ్యాత మతం వేరు. బాగుచేయించడం వల్లే ఎక్కువగా చెడిపోతుంది. మొన్నటి రోగానికి వేసిన మందే ఇవాళ్టి రోగం.

దీనికి షెడ్డులో సాక్ష్యం దొరుకుతుంది. రిటైరైన హెడ్మాస్టారు ఒకాయన జీపు గేరుబాక్సు కారుతోందని తెచ్చాడు. మేస్త్రీ కిందికి దూరి, వేలితో తడిమి, వాసన చూసి బయటికొచ్చాడు.

"మాస్టారూ, ఇది వర్జినల్ సీలు కాదండీ. ఎవడేశాడో గానీ తిరగేసి కొట్టాడండీ. చేతకానోళ్లకి బండిస్తే ఇంతేనండీ."

"నువ్వే వేశావయ్యా, పోయిన శ్రావణంలో."

మేస్త్రీ మళ్లీ కిందికి దూరాడు. కాసేపటికి లోపల్నుంచే జవాబొచ్చింది. "అయితే సీలు మంచిదేనండీ. షాఫ్టే తేడా."

పూర్వవ్యాఖ్యను ఖండించి, అది తనదేనని తెలిశాక సమర్థించడం శాస్త్రంలో కొత్తేం కాదు. పైగా రెండోసారి మేస్త్రీ అన్నదే నిజం. ఆయిల్ సీలు పెదవి రబ్బరుదే అయినా, ఏళ్ల తరబడి ఒకే చోట ఒరుసుకుంటే ఇనుప షాఫ్టు మీద గాడి పడుతుంది. గోరు పెట్టి చూస్తే తగులుతుంది. కొత్త సీలు పెదవి కూడా ఆ గాడిలోనే కూర్చుంటుంది, ఆయిలు దాని కిందుగా దారి చూసుకుంటుంది. సీలు మార్చి లాభం లేదు. లేతు మిషను దగ్గర షాఫ్టుకు స్లీవు తొడిగించాలి. ఆ మాట చెబితే రెండు రోజుల పని. సీలు మారిస్తే ఒక పూట పని. పద్యంలో "పూట పూట" అన్న ప్రయోగానికి ఇదీ ఆధారం.

ఆయిలు కారడానికి రెండో కారణం ఊపిరి రంధ్రం. గేరుబాక్సు వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచిస్తుంది. అది బయటికి పోవడానికి పైన చిన్న గొట్టం ఉంటుంది. పొలం గట్ల మీద, వాగుల్లో తిరిగే జీపుకు అది బురదతో పూడిపోతుంది. గాలి పోవడానికి దారి లేక ఆయిలును సీలు పక్కనుంచి తోసేస్తుంది. పిన్నీసుతో పొడిస్తే పోయే జబ్బుకు గేరుబాక్సు మొత్తం దించిన వాళ్లున్నారు.

మూడోది విల్లీస్ వంశానికే ప్రత్యేకం. గేరుబాక్సుకు వెనక ట్రాన్స్‌ఫర్ కేసు అంటుకొని ఉంటుంది; ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ బలం పంచే పెట్టె అది. రెంటికీ మధ్య షాఫ్టు పోయే సందులోంచి ఆయిలు ఇందులోంచి అందులోకి జారుతుంది. ఇక్కడ మట్టం తగ్గుతుంది, అక్కడ పెరిగి బయటికి పొంగుతుంది. యజమాని ఖాళీ అయినదాన్ని నింపుతాడు, నిండినదాన్ని తుడుస్తాడు. ఆ ట్రాన్స్‌ఫర్ కేసు వెనకాలే చేతిబ్రేకు డ్రమ్ము. పారిన ఆయిలు నేరుగా దాని షూల మీదికే చేరుతుంది. కాబట్టి గేరుబాక్సు కారుతోందంటే చేతిబ్రేకు లేదనే అర్థం. ఏటవాలులో జీపు ఆపినవాడు జేబులో తాళంచెవి, సీటు కింద ఇటుక పెట్టుకోవడం అందుకే. ప్రతిపదార్థంలో ఇటుక లేకపోవడం కవి లోపమే.

ఇక ఎయిర్ పట్టడం, సెల్ఫ్ పట్టకపోవడం, ఎండాకాలం పెట్రోలు పంపులో ఆవిరి కట్టి తడిగుడ్డ చుట్టాల్సి రావడం వగైరాలన్నీ మిగతా బళ్లకూ ఉన్న బాధలే, విస్తరించడం లేదు.

ఛందస్సు ఆటవెలది. ఒక పాదం పొడుగు, తర్వాతిది పొట్టి. కమాను కట్టలో ఒక పట్టీ విరిగిన బండి నడకకు ఇంతకన్నా తగినది లేదు. అలంకారం సమాసోక్తి: ప్రాణం లేని గేరుబాక్సు మీద పేరంటానికి పిలిచే ముత్తయిదువ నడవడిని ఆరోపించడం వల్ల. రెండో పాదం చివర "గేరుబాక్సు", మూడో పాదం మొదట "ఆయిలు" పక్కపక్కనే ఉన్నా సంధి జరగలేదు. ఇది విసంధి దోషమని ఆక్షేపిస్తారు. దోషం కాదు. పాత జీపులో గేరుబాక్సుకూ ఆయిలుకూ సంధి కుదరదని కవి బుద్ధిపూర్వకంగానే చూపాడు.

"చేత జాకీ పట్టి" అని పాఠాంతరం ఉంది. గణాలకు సరిపోతుంది, లోకానుభవానికి సరిపోదు. పాత జీపుతో పాటు జాకీ కూడా వచ్చిందని చెప్పినవాడు ఇంతవరకు తగల్లేదు.

మరి పాత బండి ఎక్కడా నిలకడగా నడవదా అంటే నడుస్తుంది. డార్జిలింగ్ వైపు మానేభంజ్యాంగ్ నుంచి 3636 మీటర్ల ఎత్తున్న సందక్‌ఫూ దాకా 1950ల నాటి లాండ్ రోవర్లు దశాబ్దాలుగా జనాన్ని ఎక్కించుకొని వెళ్తున్నాయి. యుద్ధం తర్వాత ఇంగ్లండులో ఉక్కు కరువై ఆ బళ్లకు అల్యూమినియం మిశ్రమంతో ఒళ్లు కట్టారు, అది తుప్పు పట్టకపోవడం కలిసొచ్చింది. అంతకన్నా కలిసొచ్చింది ఊరంతా ఒకే రకం బండి నడపడం. అక్కడ డ్రైవరే మేస్త్రీ, ఒకడికి తెలిసిన కిటుకు పక్కవాడికీ పనికొస్తుంది. బొర్రా గుహల దగ్గర కటికి జలపాతానికి రాళ్ల దారిలో తిరిగే జీపులదీ కొంతవరకు ఈ కథే. అవీ కారుతాయి. కానీ రోజూ తిరుగుతాయి గనక సీళ్లు ఎండి బిగుసుకుపోవు, రాత్రి చూసుకొని పొద్దున పోసుకుంటారు. నెలకోసారి ముచ్చటకు బయటికి తీసే పట్నం జీపుకే రోగాలెక్కువ.

పట్నం జీపుకు ఆఫీసు గండం కూడా ఉంది. సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత 5 ఏళ్లకోసారి తిరగరాయించుకోవాలి. అప్పుడు ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీస్తారు. మిలటరీ ఆకుపచ్చ మీద పోలీసు నీలం, దాని మీద ఎర్రరంగు, దాని మీద తుప్పు ఉన్న పట్టీ మీద అంకె పైకి తేవడం శాసన పరిష్కర్తలకు తప్ప చేతకాదు. మూడా, ఎనిమిదా అని ఒక పూట వాదన. ఇంజన్ మార్చిన సంగతి ఆర్‌సీలో ఎక్కించకపోతే చట్టం ఒప్పుకోదు. ఎక్కించాలంటే ఆ ఇంజన్ ఏ బండిదో, ఎవరమ్మారో కాగితం చూపాలి. మూడు చేతుల కిందట అమ్మినవాడి కాగితం.

మన హెడ్మాస్టారు లేతు పనికి ఒప్పుకొని, స్లీవుతో పాటు కొత్త సీలు కోసం స్పేర్‌పార్టుల కొట్టుకు వెళ్లాడు. కౌంటరు వెనక కుర్రాడు ఏ మోడలని అడిగాడు. ఆయన నిజాయితీగానే చెప్పాడు: ఛాసిస్ సీజే-3బీ, ఇంజన్ ప్యూజో, గేరుబాక్సు దేనిదో తెలియదు, ట్రాన్స్‌ఫర్ కేసు మిలటరీ వేలంలోదని ముందు యజమాని అన్నాడు. కుర్రాడు పుస్తకం మూసేశాడు. "పాత సీలు పట్రండి సార్, వెర్నియర్ పెట్టి సైజు చూసి ఇచ్చేస్తా." మాస్టారు అక్కడి నుంచే మేస్త్రీకి ఫోన్ చేశాడు. పాత సీలును ఉలితో నాలుగు ముక్కలు చేసి తీశాననీ, ముక్కల్ని పాతసామాను వాడు ఇప్పుడే ఎత్తుకెళ్లాడనీ, అయినా అది వర్జినల్ కాదు గనక దాని సైజుతో పని లేదనీ మేస్త్రీ చెప్పాడు.