తొమ్మిదంగుళాల న్యాయం

భారతదేశంలో ఏ కత్తి ఆయుధమో, ఏది పనిముట్టో తేల్చేది 1959 నాటి ఆయుధాల చట్టం. దాని కింద 1962లో వచ్చిన నిబంధనలు కత్తికి స్కేలు పెట్టాయి. అలుగు తొమ్మిదంగుళాలకు మించి పొడవున్నా, రెండంగుళాలకు మించి వెడల్పున్నా అది ఆయుధాల జాబితాలోకి వస్తుంది. ఇంటికో పొలానికో, ప్రయోగశాలకో పరిశ్రమకో చేసినదైతే రాదు. జాబితాలోకి వచ్చిన కత్తికైనా కేంద్రం గెజిట్‌లో ప్రకటించిన ప్రాంతంలోనే లైసెన్సు కావాలి. 2016లో నిబంధనలు తిరగరాశారు గానీ స్కేలు మార్చలేదు.

ఆయుధాలు రాజ్యాంగంలో కేంద్ర జాబితాలోని అయిదో అంశం. అందుచేత కత్తుల మీద రాష్ట్రానికి సొంత చట్టమంటూ లేదు. ఉన్నవల్లా ఉత్తర్వులు.

గోదావరి జిల్లాల్లోని ఉంగుటూరు మండలంలో ఈ స్కేలుకు లోబడే పనిముట్లు తక్కువ. జాతీయ రహదారి పక్కన బోండాలు కొట్టే కత్తి రెండంగుళాల వెడల్పును ఏనాడో దాటింది. మచ్చుకత్తి, కొల్లేటి చేపల్ని కోసే కత్తి, తాటిచెట్టెక్కే గీత కత్తి, పెద్ద వంటల్లో వాడే కత్తిపీట, వీటిలో ఏది చూసినా మనిషికి భయం వేస్తుంది, చట్టానికి వెయ్యదు. అవి కూటికోసం పుట్టాయని చట్టం నమ్మింది, ఆ నమ్మకం సబబైనదే. అయితే ఇళ్లలోనూ పొలాల్లోనూ వాడే సామానుకు అదే చట్టం ఇచ్చిన మొదటి ఉదాహరణ లాఠీ. లాఠీ రుచి తెలిసినవారు ఈ వర్గీకరణను ఒప్పుకోకపోవచ్చు.

మిగిలింది కోడికత్తి. అది కూర తరగదు, వరి కొయ్యదు, గెల దించదు. సంక్రాంతి మూడు రోజులూ పుంజు కాలికి దారంతో బిగించి ఎదుటి పుంజును చంపించడం తప్ప దానికి వేరే పనిలేదు. గోదావరి జిల్లాల్లో కేవలం పోరు కోసమే తయారయ్యే కత్తి బహుశా ఇదొక్కటే. కానీ చిన్నది. తొమ్మిదంగుళాల స్కేలు పక్కన పెడితే సగానికి కూడా రాదు. పోరాడే కత్తి కొలతలో తప్పించుకుంది, కొలత దాటిన కత్తులకు పోరాటం తెలియదు.

ఆయుధాల చట్టం వదిలేసిన ఈ వస్తువును పట్టుకోవడానికి వేరే చట్టాలున్నాయి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం వినోదం కోసం జంతువుల్ని కొట్లాటకు ఉసిగొల్పడం నేరం. మొదటిసారి చేస్తే జరిమానా పది రూపాయలకు తగ్గకూడదు, యాభైకి మించకూడదు. బరి పక్కన కోడిపకోడీ పొట్లం ఇంతకంటే ఖరీదు. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే వంద రూపాయల దాకా జరిమానా గానీ, మూడు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడతాయి. ఇది కాక 1974 నాటి జూద చట్టం ఉంది. పందేలు జరగకుండా చూడమని 2016 డిసెంబరులో హైకోర్టు చెప్పిన తీర్పూ ఉంది.

వీటి అమలుకు ఒక క్రమం ఏర్పడింది. జనవరి మొదటి వారంలో ఒకప్పటి 144, ఇప్పటి 163 సెక్షను అమల్లోకి వస్తుంది. పోలీసు చట్టంలోని 30వ సెక్షనూ తోడవుతుంది. కత్తులు కట్టేవారిని పిలిచి బైండోవర్ చేస్తారు. దొరికిన కోడికత్తుల్ని బల్లమీద వరసగా పేర్చి ఫొటో తీయిస్తారు. భోగినాడు బరులు తెరుచుకుంటాయి. పందెంలో అన్నిటికన్నా చవకైన సరుకు కత్తి. బరికి ఇచ్చిన పొలం, టెంట్లు, ఫ్లడ్‌లైట్లు, పైపందేలు, పక్కన గుండాట, డబ్బంతా అక్కడుంది. అవేవీ బల్లమీద పట్టవు, ఫొటోలోకీ రావు.

సంప్రదాయం పేరు చెప్పేవారి చేతిలో మరో వాదన ఉంది. కత్తి కట్టకుండా ఆడించే డింకీ పందెం నేరం కాదట. 1960 చట్టంలోని ఆ క్లాజులో కత్తి ప్రస్తావనే లేదు. ఉసిగొల్పడమే నేరం. కాలికి ఏం కట్టారని అది అడగదు.

కోడికత్తిని రాజ్యం గట్టిగా పట్టించుకున్నది ఒక్కసారే. 2018 అక్టోబరు 25న విశాఖ విమానాశ్రయంలో అప్పటి ప్రతిపక్ష నేత వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి చేతికి అది గాయం చేసింది. 2019 జనవరి నాటికి కేసు జాతీయ దర్యాప్తు సంస్థ చేతికి వెళ్లింది. ఏటా ఆ కత్తికి బలయ్యే పుంజుల కేసులు స్థానిక ఠాణా దాటలేదు.

ఇదే చిక్కును అమెరికా వేరేగా విప్పింది. అక్కడ కత్తుల చట్టాలు రాష్ట్రానికొకటి. టెక్సాస్‌లో 2017 నుంచి పెద్దవాళ్లు అయిదున్నర అంగుళాలు దాటిన కత్తినీ వెంట తీసుకుపోవచ్చు, బడి వంటి కొన్ని చోట్ల తప్ప. డాలస్‌లోని గోదావరి కుటుంబం మచ్చుకత్తితో వీధిలో నడిచినా ఫరవాలేదు. కోడికత్తి సంగతి వేరు. పక్షి కాలికి కట్టడానికి చేసిన కత్తిని ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి అమ్మినా, పంపినా నేరమని 2007లో ఫెడరల్ చట్టమే వచ్చింది. పొడవెంతో ఆ చట్టం అడగలేదు, ఏ పనికో మాత్రమే చూసింది.

ఆంధ్రప్రదేశ్‌కూ దారి మూసుకుపోలేదు. ఆయుధాలు కేంద్రానివే అయినా జంతుహింస నివారణ ఉమ్మడి జాబితాలోది. జల్లికట్టు కోసం తమిళనాడు 2017లో 1960 నాటి చట్టాన్ని తనమటుకు సవరించుకుంది. అదే దారిలో యాభై రూపాయల జరిమానాను పెంచవచ్చు, కోడికత్తిని పేరుపెట్టి నిషేధించవచ్చు. బిల్లు శాసనసభలో నెగ్గాలి, రాష్ట్రపతి ఆమోదం పొందాలి. సంక్రాంతి ముందు వారాలు మాత్రం చర్చకు అనువు కావు. పట్టుపంచె కట్టి బరులకు రిబ్బను కత్తిరించవలసిన గౌరవ సభ్యులకు నియోజకవర్గాల్లో పని ఒత్తిడి ఉంటుంది.