కళ్లకు కట్టిన గంతలు

ఆర్థర్ గోల్డెన్ నవల ‘మెమోయిర్స్ ఆఫ్ ఎ గేషా’ 1997లో వచ్చింది. చదివినవాళ్లు ఇప్పటికీ అనే మాట: ‘జపాన్‌ను కళ్లకు కట్టాడండీ!’ కట్టిన మాట నిజమే, గంతలు. పుస్తకం తెరవగానే ఒక ప్రొఫెసరు ప్రత్యక్షమై, ఆటపాటలతో అతిథులను అలరించే సయూరి అనే గేషా చెబుతుంటే తాను రికార్డు చేసుకున్నానని ముందుమాట రాస్తాడు. ఆయనా లేడు, ఆమే లేదు. అయినా పాఠకుడు (ముందుమాట చదివినవాడైతే మరీనూ) ఆ బూడిద నీలికళ్ల పిల్లను క్యోటోలోని గియోన్ సందుల్లో వెతుక్కుంటాడు.

‘నవలన్నాక కల్పన ఉండదా?’ అంటారు. ఉండాలి. మరి మెచ్చుకునేటప్పుడు చరిత్ర, నిలదీస్తే నవలా? రచయిత కృతజ్ఞతలు చెప్పుకున్న మినెకో ఇవాసాకి గియోన్‌లో నిజంగా ఆ వృత్తిలో బతికిన మనిషి; అక్కడ ‘గేషా’ అనరు, ‘గెయికో’ అంటారు. పేరు బయటపెట్టనన్న మాట తప్పాడని ఆమె 2001లో కోర్టుకెక్కింది. 2003లో రాజీ కుదిరింది. నవలను రక్తికట్టించిన సయూరి కన్యత్వపు వేలం లాంటిది తన జీవితంలో లేనేలేదంది. ఈలోగా 2002లో సొంత కథ తెచ్చింది. వృత్తి పరువు కోసం ఆమె మాత్రం కొంత దాచదా అనే అనుమానం సబబే. కానీ దాచుకోవడానికైనా ఆమెకో బతుకుంది. 2005 సినిమాలో సయూరిగా చైనా నటి జాంగ్ జియి ఇంగ్లీషులో మాట్లాడింది. ‘అచ్చం జపానే’ అన్నవాళ్లకు అప్పుడూ కొదవలేదు.