ఇరవై మూడు అక్షరాల ఉత్పలమాల

తెలుగు మాస్టారికి శత్రువులు కొత్త కాదు. మొదట గైడు వచ్చింది, వెనకే క్వశ్చన్ బ్యాంకు, ఆ వెనక ఆల్ ఇన్ వన్. అందరినీ ఎదుర్కొన్నాం. గైడులో ఓ సుఖం ఉండేది. అందులో ఒక అచ్చుతప్పు పడితే తరగతిలో సగంమంది అదే తప్పు, అదే చోట, అంతే భక్తిగా రాసేవారు. దొంగ ఎవడో వెతుక్కోనక్కర్లేదు. 2022 నవంబరు 30న చాట్ జీపీటీ వచ్చి ఆ సుఖం కూడా లేకుండా చేసింది. ఎంతమంది అడిగితే అన్ని రకాల జవాబులు ఇస్తుంది, అడిగినవాడి దస్తూరిలో తప్ప.

మా స్టాఫ్ రూములో దీనిమీద రెండు పార్టీలు పుట్టాయి. లెక్కల మాస్టారిది నిషేధం పార్టీ. "బళ్లోకి రానివ్వకూడదండీ, అంతే!" అని బల్ల గుద్దారు. న్యూయార్క్ నగరం అలాగే 2023 జనవరిలో తన ప్రభుత్వ బడుల్లో నిషేధించి, మే నెలకల్లా మనసు మార్చుకుందని చెప్పాను. "వాళ్లకి పట్టుదల లేదు" అన్నారు.

ఇంగ్లీషు మేడమ్‌ది నిఘా పార్టీ. యంత్రం రాసిందో, మనిషి రాశాడో పట్టిచ్చే యంత్రం ఉందన్నారు. ఉన్నమాట నిజమే. చాట్ జీపీటీని కన్న ఓపెన్ ఏఐ వాళ్లే 2023 జనవరిలో అలాంటిది పెట్టారు. వాళ్లు చెప్పుకున్న లెక్క ప్రకారమే, ఇంగ్లీషులో యంత్రం రాసినవాటిలో అది గట్టిగా పట్టుకున్నది నూటికి 26. పైగా మనుషులు సొంతంగా రాసుకున్నవాటిలో నూటికి తొమ్మిదింటిని యంత్రం రాసిందనేసింది. ఆ జూలైలోనే దుకాణం కట్టేశారు. నూటికి 26 అంటే మా బళ్లో కూడా ఫెయిలే. ఫెయిలైనవాణ్ణి ఇన్విజిలేటరుగా ఎలా వేస్తాం?

నాది మూడో పార్టీ, సభ్యుణ్ణి నేనొక్కణ్ణే. మనమే వాడుకుంటూ పిల్లల్ని మానమనడం ఏ న్యాయం? పాఠ్య ప్రణాళికలు దానిచేతే రాయిస్తున్నాం. యూనిట్ పరీక్షకి బిట్లు తీయిస్తున్నాం. మన హాజరు కూడా ముఖం చూసి యంత్రమే వేస్తోంది. ప్రశ్న అది తీసి, జవాబు అది రాసి, దిద్దడమూ అదే దిద్దితే ఇక బడికి మనుషులతో పని మధ్యాహ్న భోజనం దగ్గరే పడుతుంది.

అందుకని తొమ్మిదో తరగతిలో దాన్ని ఐఎఫ్‌పీ అనే పెద్ద టచ్ తెర మీదికి ఎక్కించాను. నెట్ నా ఫోనుది. "ఈయన కొత్తగా చేరిన విద్యార్థి. ఈరోజు ఈయన పేపరు మీరు దిద్దాలి" అన్నాను. ఎర్ర పెన్ను చేతికివ్వగానే వెనక బెంచీవాళ్లు కూడా నిటారుగా కూర్చున్నారు.

గోదావరి మీద ఉత్పలమాల రాయమన్నాం. భ ర న భ భ ర వ గణాలు, పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతి, ప్రాస నియమం ఉంది అని ముందు లక్షణం ఒప్పజెప్పింది. ఒక్క పొల్లు పోలేదు. నా గుండె జారింది. ఆ తర్వాత పద్యం రాసింది. గుండె మళ్లీ చోటికొచ్చింది.

"మాస్టారండీ! మొదటి పాదంలో 23 ఉన్నాయండి!"

"రెండోదాంట్లో 17 అండి! ప్రాస కూడా లేదండి!"

"అసలు మొదటిదే జగణమండి, భగణం కాదండి!"

ఈ చివరి మాట అన్నది ఏడాదంతా గురువుకి లఘువు గుర్తు, లఘువుకి గురువు గుర్తు పెట్టిన మహానుభావుడు. తన తప్పు పట్టుకోలేనివాడు ఎదుటివాడి తప్పు ఇట్టే పట్టేశాడు. ఛందస్సు నేర్పడానికి ఇంతకన్నా మంచి దారి నా సర్వీసులో దొరకలేదు.

తప్పు చూపిస్తే అది వెంటనే క్షమాపణ చెప్పి, సరిచేశానని 24 అక్షరాల పాదం ఇచ్చింది. ఒక అమ్మాయికి చిలిపి బుద్ధి పుట్టింది. "ఉత్పలమాలకి పాదానికి 21 కదా?" అని టైపు చేయించింది. "అవును, మీరు చెప్పింది సరైనదే" అంది. 21 అక్షరాలది చంపకమాల. క్లాసంతా నవ్వు. ఎవరేమన్నా ఔననేవాణ్ణి సాక్ష్యానికి పిలవకూడదని వేరే పాఠం చెప్పాల్సిన పని లేకపోయింది.

ఎందుకిలా అంటే, దానికి పద్యం వినబడదు. మాటల్ని ముక్కలుగా చేసుకుని, ఈ ముక్క తర్వాత ఏ ముక్క వచ్చే అవకాశం ఎక్కువో లెక్కగడుతుంది. ఆ ముక్కలు మన అక్షరాలకి సరిపోవు. లక్షణం ఎన్నోచోట్ల రాసి ఉంది కాబట్టి అప్పజెప్పగలదు. పద్యం నడవాలంటే మాత్రం చెవి కావాలి.

ఒక్క విషయంలో నవ్వకుండా చెప్పాను: ఇంటి గుట్లు దానితో పంచుకోవద్దని. 1966లో ఎమ్ఐటీలో వైజెన్‌బామ్ అనే ఆయన ఎలైజా అని ఓ చిన్న ప్రోగ్రాం రాశాడు. మనమన్న మాటనే తిప్పి ప్రశ్నగా వేయడం తప్ప దానికేమీ తెలియదు. అయినా ఆయన సెక్రటరీ దానితో మాట్లాడుతూ, కాస్త గదిలోంచి బయటికెళ్లమని ఆయన్నే అడిగిందట. అంత చిన్నదానికే అంత చనువిస్తే, ఇంత పెద్దదానికి ఇంకెంత ఇస్తాం? బడుల్లో ఇవి వాడే పిల్లలకి కనీసం 13 ఏళ్లుండాలని 2023లో యునెస్కో ఊరికే అనలేదు.

ఇక వ్యాసాలు. "మా ఊరి సంత" మీద రాసుకురమ్మంటే ఒకడు "సంత అనేది గ్రామీణ ఆర్థిక వ్యవస్థలో కీలకపాత్ర పోషించే సామాజిక వేదిక" అని మొదలెట్టాడు. వీడు ప్రతి వారం ఆ సంతలోనే వాళ్లమ్మ పక్కన కూర్చుని వంకాయలు తూస్తాడు. రెండు పేజీల వ్యాసంలో వెతికినా ఒక్క వంకాయ లేదు.

నేనేమీ అనలేదు. "ఇందులో మన సంతలో లేనివన్నీ కొట్టేసి, ఉన్నవి రాసుకురా" అన్నాను. మర్నాడు తెచ్చాడు. శీర్షిక ఒక్కటే మిగిలింది. కింద సొంతంగా ఒక పేజీ రాశాడు. వత్తులన్నీ తప్పులు. కానీ పుచ్చు వంకాయని అడుగున ఎలా పెట్టాలో ఉంది, వానొస్తే పరదా ఎవరు పట్టుకుంటారో ఉంది. చివర, కిలో వంకాయలకి అరగంట బేరమాడి, పైగా గుప్పెడు పచ్చిమిరపకాయలు ఊరికే సంచిలో వేసుకుపోయే మా లెక్కల మాస్టారు కూడా ఉన్నారు.

పదికి పది వేసి, ఆ పేజీని స్టాఫ్ రూములో పైకి చదివాను. లెక్కల మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని, గట్టిగా తేల్చేశారు:

"ఇది కచ్చితంగా ఆ యంత్రం రాసిందేనండీ. అది లేనిపోనివి కల్పిస్తుందని మీరే కదా చెప్పారు!"