ఫిబ్రవరి పిల్లవాడు (టీకా తాత్పర్య విశేష సహితం)

మూలం:

చేవ గలుగువాడు చిన్నవా డయినను
పరుగుదీయు గాని బంతి జార్చు
ఫిబ్రవరిని మెచ్చు పిల్లవా డెవ్వడో
మార్చియందు జూడ మాయమగును

అవతారిక: ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ సీజను అక్టోబరు మొదట్లో గ్రాండ్ ఫైనల్‌తో ముగుస్తుంది. మళ్లీ మార్చి దాకా అసలు ఆట లేదు. అన్ని నెలలు ఆకలితో ఉన్న అభిమాని ముందు ఫిబ్రవరిలో ట్రయల్ మ్యాచ్ అని ఒకటి పెడతారు. సీజను పట్టికలో దానికి చోటుండదు. పేరున్న ఆటగాళ్లు కాసేపు ఆడి కూర్చుంటారు, కొందరు అసలు దిగరు. మిగతా సమయమంతా కుర్రాళ్లది. మైదానం పక్కన గట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్న పెద్దమనిషి వాళ్లను చూసి, పొద్దు వాలేలోగా ఎవడో ఒకడికి నుదుటి రాత రాసి లేస్తాడు. ఆ రాత గురించే ఈ ఆటవెలది.

మూలకర్తా వ్యాఖ్యాతా ఒకరే. కొల్చారం మల్లినాథసూరికి లేని సౌకర్యం ఇది. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన మాట ఇచ్చి మరీ సంస్కృత కావ్యాలకు వ్యాఖ్యలు రాశాడు. ఇందులో మొదటిదానికి నేనూ పూచీపడతాను. రెండోది నా వల్ల కాదు.

ప్రతిపదార్థం:

చేవ = మానులో నడిమి గట్టిదనం. ఇక్కడ లక్షణచేత, ఊపిరి అందనప్పుడు కూడా మనిషిలో మిగిలేది. బంతి చేతిలో ఉన్నప్పుడు కనబడేది కాదు గనక అభిమాని కన్ను దాని మీద పడదు. ఆట తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. ఆట కోసం పని మానుకున్నవాడికి పోయిన కూలి ఇవ్వాలా వద్దా అన్న తగువులో 1895లో ఇంగ్లండు ఉత్తరాది క్లబ్బులు రగ్బీ నుంచి విడిపోయి పెట్టుకున్న ఆట ఇది. సిడ్నీలో 1908 నుంచి పోటీలు నడుస్తున్నాయి. జట్టుకు 13 మంది. బంతి ఉన్న జట్టుకు ఆరు టాకిళ్లు, అంటే ఆరుసార్లు పట్టుబడేదాకే బంతి వాళ్లది. పట్టుబడ్డ ప్రతిసారీ ఆటగాడు లేచి, బంతిని నేలన పెట్టి, కాలితో వెనక్కి దొర్లించాలి. కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి పట్టినట్టే ముగ్గురూ నలుగురూ మీద పడతారు. కూత మాత్రం ప్రేక్షకులు పెడతారు.

పట్టినవాళ్ల పని పట్టడంతో తీరదు. లేచి, పది మీటర్లు వెనక్కి పరుగెత్తి, వరసలో నిలబడి, బంతి కదలగానే మళ్లీ ముందుకు ఉరకాలి. ఫిబ్రవరి అంటే అక్కడ మంచి ఎండాకాలం. నాలుగో టాకిల్ అయ్యాక ఆ వరసను ఈ కొస నుంచి ఆ కొసకు చూడండి. ఒకడి చేతులు మోకాళ్ల మీద ఉంటాయి. ఒకడు ఊడని మేజోడు సర్దుకుంటుంటాడు. వాళ్ల మధ్యలో పంతొమ్మిదేళ్ల ప్రాప్ (ముందువరస భారీ ఆటగాడు) ఒకడు, భుజానికి చుట్టిన తెల్ల టేపు సగం ఊడి వేలాడుతున్నా పట్టించుకోకుండా, పక్కవాణ్ణి చేత్తో జరిపి ఖాళీ మూస్తుంటాడు. బంతి అటు రాదు. వచ్చి ఉంటే ఆ ఖాళీలోంచే పోయేది. ఇదంతా చేసినందుకు వాడి పేరు ఏ లెక్కలోకీ ఎక్కదు. వీపు మీద 27 అని ఉంటుంది, అంతే. 27వ నంబరు ఎవరిదో చూడటానికి గట్టు మీద ఒక్కరూ జట్ల జాబితా తీయరు.

చిన్నవా డయినను = శ్లేష. వయసులో చిన్నవాడని ఒక అర్థం, ఒడ్డూ పొడుగుల్లో చిన్నవాడని మరొకటి. మొదటి లోపం కాలమే తీరుస్తుంది. గొడవంతా రెండోదానితోనే. 1987లో అలన్ లాంగర్‌ను క్వీన్స్‌లాండ్ జట్టులోకి తీసుకుంటే, ఇంత చిన్న మనిషి తట్టుకోగలడా అని కెప్టెన్ వాలీ లూయిసే సందేహించాడు. ఆ చిన్న మనిషే తర్వాత బ్రిస్బేన్ బ్రాంకోస్‌కు కెప్టెనై 1992లో, 1993లో వరసగా కప్పు తెచ్చాడు. జొనాథన్ థర్‌స్టన్ బక్కగా ఉన్నాడని క్లబ్బులు ఒకదాని తర్వాత ఒకటి వద్దన్నాయి. 2002లో బుల్‌డాగ్స్ తరఫున తొలి ఆట ఆడిన ఆ బక్కవాడు, ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే డాలీ ఎమ్ పతకం నాలుగుసార్లు ఇంటికి తీసుకెళ్లాడు. అలాగని పొట్టివాళ్లందరూ లాంగర్లు అయిపోరు. 'అయినను' అనేది మినహాయింపు చెప్పే మాట, దాన్ని సూత్రం చేసుకోకూడదు.

పరుగుదీయు = స్పష్టం. పరుగెత్తనివాణ్ణి ఇంతదాకా రానివ్వరు.

గాని = కోచ్ నోట ఈ మాట వచ్చిందంటే అంతకుముందు అన్నదంతా మర్యాదకే అన్నట్టు లెక్క.

బంతి జార్చు = చేతికొచ్చిన బంతిని ముందుకు నేలపాలు చేయు. బంతి అవతలి జట్టుకు పోతుంది. ఈ పదం దగ్గర వ్యాఖ్యాతలు తొందరపడతారు. జారింది కాబట్టి పనికిరాడని తేల్చేస్తారు. అది అపవ్యాఖ్య. 2015 గ్రాండ్ ఫైనల్‌లో బ్రాంకోస్ మీద కౌబాయ్స్ జట్టు ఆఖరి క్షణంలో ట్రై చేసి (బంతిని అవతలి గీత దాటించి నేలకు తాకించి) 16-16 చేసింది. గీత పక్క నుంచి, అప్పటికి కౌబాయ్స్‌కు ఆడుతున్న థర్‌స్టన్ కొట్టిన గోల్ తన్ను స్తంభానికి తగిలి తిరిగొచ్చింది. గోల్డెన్ పాయింట్ మొదలైంది, ఇక ముందు పాయింటు చేసినవాళ్లదే గెలుపు. తొలి తన్నుకే గాల్లోంచి వచ్చిన బంతి బ్రాంకోస్ హాఫ్‌బ్యాక్ బెన్ హంట్ చేతుల్లోంచి జారింది. కాసేపటికే థర్‌స్టన్ ఫీల్డ్ గోల్ కొట్టాడు, 17-16. అప్పటికి హంట్ కొత్త కుర్రాడు కాదు, ఆట క్షుణ్ణంగా తెలిసినవాడు. ఆ జారుడు తర్వాత కూడా ఆడుతూనే ఉన్నాడు. పదేళ్లకు, 2025లో, అదే బ్రాంకోస్‌తో కప్పు గెలిచాడు.

కాబట్టి జారడాన్ని కాదు, జారిన తర్వాతి పది సెకన్లను చూడాలి. ట్రయల్‌లో ఎత్తైన తన్నుడు కింద నిలబడ్డ కొత్త వింగర్‌ను తీసుకోండి. సూర్యుడు కళ్లల్లో ఉంటాడు. బంతి ఛాతీకి తగిలి ఎగురుతుంది. కొందరు అక్కడే నిలబడి అరచేతులు చూసుకుంటారు, తప్పు చేతులదన్నట్టు. కొందరు బెంచీ వైపు చూస్తారు, కోచ్ ఏదో రాసుకుంటున్నాడేమోనని. ఒకడెవడో ఎటూ చూడకుండా దుమికి, బంతి అందుకున్నవాణ్ణి నడుం దగ్గర వాటేసి పడగొడతాడు. గట్టు మీద అప్పటికే "అయ్యో" అని తల పట్టుకున్నవాళ్లకు ఈ రెండో ఘట్టం కనబడదు. తర్వాత వీడియో వేసుకుని చూసే కోచ్‌కు కనబడుతుంది.

ఫిబ్రవరిని మెచ్చు పిల్లవాడు = మూడు ట్రైలు చేసిన పిల్లవాడు. ఛందస్సులో ఫకారానికీ పకారానికీ యతి చెల్లింది. ఫిబ్రవరికీ పిల్లవాడికీ మైత్రి అంతవరకే.

పూర్వపక్షం: పక్కన పారమట్టా ఈల్స్ కండువాతో కూర్చున్న మన తెలుగాయన, "అదేంటండీ! మూడు ట్రైలు చేశాడుగా. కళ్లారా చూశాం కదా!" అంటాడు. పారమట్టా కప్పు గెలవడం 1986తో సరి. అందువల్ల ఆ సిడ్నీ శివార్లలో ప్రతి ఫిబ్రవరిలోనూ ఒక అవతార పురుషుడు పుడుతుంటాడు. ఆయన్ని తప్పుపట్టలేం.

సిద్ధాంతం: కళ్లారా చూసిందేమిటన్నది విచారించాలి. మొదటి ట్రైకి అడ్డంగా ఉన్నవాడు కూడా ట్రయల్‌కు వచ్చినవాడే. వాడూ, వాడి పక్కవాడూ వరసలో కలిసి నిలబడటం ఈ వారమే మొదలుపెట్టారు. ఖాళీ అక్కడే పుట్టింది, కాళ్ల వేగంలో కాదు. రెండో ట్రై వేళకు అవతలి జట్టు సగం మారిపోయింది. సీజనులో ఆటగాళ్ల మార్పిడికి గట్టి లెక్క ఉంటుంది, ట్రయల్‌లో ఆ కట్టడి సడలుతుంది. అలసినవాడి మీదికి చల్లగా నీళ్లు తాగి వచ్చినవాడు పరుగెత్తితే ట్రై రాక ఏమవుతుంది? మూడోదానికి నిర్వాహకుల చలవ కూడా ఉంది. 2023 నుంచి ట్రయళ్లను ప్రీసీజన్ ఛాలెంజ్ అని పోటీగా మార్చి, ట్రైలకూ లైన్ బ్రేకులకూ ఆఫ్‌లోడ్లకూ (పట్టుబడుతూనే బంతిని పక్కవాడికి అందించడం) అదనపు పాయింట్లు పెట్టారు. జట్లు బంతిని దాచుకోకుండా చేతులు మారుస్తాయి. చూడటానికి ముచ్చటే. అసలు సీజనులో అదే పాస్ ఇచ్చినవాణ్ణి కోచ్ బెంచీ మీద కూర్చోబెడతాడు.

మరి ట్రయల్ వల్ల తెలిసేదేమీ లేదా అంటే, ఉంది. ఎదురుజట్టు ఎంత బలహీనమైనా మారనివి కొన్ని ఉంటాయి. పట్టుబడ్డాక ఎంత త్వరగా లేస్తాడు, వెనక్కి పది మీటర్లు పరుగెత్తాడా నడిచాడా, తమ జట్టువాడు గీత దాటుతుంటే వెంట పరుగెత్తాడా లేక చూస్తూ చప్పట్లు కొట్టాడా, పక్కవాడికి నోరు విప్పి చెప్పాడా. ఇవి అవతలివాడి మీద ఆధారపడవు. చెప్పలేనిది ఒక్కటే, అవతలివాడు నిజంగా పెద్దవాడైతే వీడేమవుతాడన్నది. అభిమాని ఖాయంగా చెప్పేది సరిగ్గా అదే.

మార్చియందు = సీజను మొదలయ్యే వేళకు. 2024 నుంచి తొలి ఆటలు లాస్ వేగాస్‌లో పెడుతున్నారు గదా, అక్కడ అది ఫిబ్రవరి కూడా కావచ్చు గదా అని కొందరు ఆక్షేపిస్తారు. సిడ్నీ గడియారం ప్రకారం మార్చే. మూలానికి దోషం లేదు.

మాయమగును = కనబడకుండా పోవును. జీతాల పరిమితికి లోబడి క్లబ్బుకు 30 మంది ప్రధాన ఆటగాళ్లు ఉంటారు. ఆట మొదట్లో మైదానంలోకి దిగేది 13 మంది, బెంచీ మీద ఇంకొందరు. మిగిలినవాళ్లు న్యూ సౌత్ వేల్స్ కప్పులో, క్వీన్స్‌లాండ్ కప్పులో శనాదివారాలు ఆడుకుంటారు. అక్కడ గట్టు మీద జనం పలచగా ఉంటారు. ఇంతకీ 'మాయమగును' తద్ధర్మార్థక క్రియ, ఏటా జరిగేదని అర్థం. మళ్లీ రాడని మాత్రం మూలంలో ఎక్కడా లేదు. ఏడాది మధ్యలో న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ రాష్ట్ర జట్లు తలపడే స్టేట్ ఆఫ్ ఆరిజిన్ కోసం పెద్ద ఆటగాళ్లు వెళ్లిపోతారు. అప్పుడు కోచ్‌కు మనుషులు చాలక కింది జట్టు నుంచి ఒకరిద్దరిని పిలుస్తాడు. వాళ్లలో ఒకడు 27వ నంబరువాడు కావచ్చు, భుజానికి కొత్త టేపుతో. వాడు ఆ రాత్రి బాగా ఆడితే, ఈల్స్ కండువాయన పక్కవాడి భుజం తట్టి, ఫిబ్రవరిలోనే చెప్పానా లేదా అంటాడు.